నీలం చీటీ

ఎలీసబెతుకి ఇచ్చే జబ్బు ఉండేది. డిగ్నాబాదులో ఆమె ఇంటి చుట్టుపక్కల వాళ్ళంతా ఆ జబ్బు వల్ల లాభపడ్డవాళ్ళే కాబట్టి ఎవరూ దానికి మందు చెప్పలేదు. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మూడో రోజుకల్లా ఎలీసబెతు అల్లిన టోపీ ఆ బిడ్డ నెత్తిన ఉండాల్సిందే. పోర్ట్ బ్లెయిర్ ఉక్కలో పసిగుడ్డుకి టోపీ ఎందుకని అడిగే ధైర్యం ఏ తల్లికీ లేదు. అడిగితే ఇంకోటి అల్లి ఇస్తుందని భయం.

ఆమె భర్త జీవరాజు సర్కారు వర్క్‌షాపులో వడ్రంగి. పాలకొల్లు దగ్గర పల్లెలో పెళ్ళయి, ఏడాది తిరక్కుండానే, యాభై నాలుగులో ఇద్దరూ అండమాను ఓడెక్కారు. నాలుగు రోజుల ప్రయాణంలో మూడు రోజులు ఎలీసబెతు వాంతులతోనే గడిపింది. నాలుగో రోజు కాస్త తేరుకుని మూట విప్పి చూసుకుంది. అందులో ఒక పాటల పుస్తకం, కారం డబ్బా, పన్నెండు చిలపల సన్న నూలు, రెండు ఇనుప సూదులు ఉన్నాయి.

"బియ్యం మూట మర్చిపోయావు గానీ దారం మాత్రం తెచ్చావు," అన్నాడు జీవరాజు.

"బియ్యం అక్కడా దొరుకుతాయి," అంది ఎలీసబెతు. ఆ మాటలో తప్పేమీ లేదు. అంత సన్నటి నూలు ఆ దీవుల్లో ఎక్కడా దొరకదని ఆమెకి అప్పటికే అనుమానం.

ఆమె ఊరివైపు ఆడపిల్లలకి కొక్కెం సూదితో లేసు అల్లడం అన్నం తినడంతో పాటే వచ్చేస్తుంది. రెండు సూదుల అల్లిక మాత్రం అందరికీ రాదు. బడిలో దయావతి టీచరమ్మ నలుగురు పిల్లల్ని ఏరి నేర్పితే, చివరిదాకా నిలిచింది ఎలీసబెతు ఒక్కతే. ఆ పనిలో కిటుకంతా చిల్లులో ఉంది. పోగుని సూది మీదికి ఒక చుట్టు తిప్పితే అక్కడ చిల్లు పడి, ఒక కుట్టు పెరుగుతుంది. ఆ పక్కనే రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే పెరిగింది సరిపోతుంది. ఎక్కడ వదలాలో ఎక్కడ కలపాలో తెలిస్తే ఆకులొస్తాయి, అలలొస్తాయి, చేప పొలుసులొస్తాయి. తెలియకపోతే దోమతెర వస్తుంది. ఎలీసబెతు కూడా మొదటి ఏడాది చాలా దోమతెరలే అల్లింది.

దీవికి వచ్చిన మొదటి వానాకాలంలోనే ఉప్పుగాలికి ఇనుప సూదులు తుప్పు పట్టి నూలుకి మరకలంటించాయి. ఎలీసబెతు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు జీవరాజు ఎక్కణ్ణుంచో పాత సైకిలు చువ్వలు రెండు తెచ్చి, కొసలు ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, కొబ్బరినూనె రాసి చేతిలో పెట్టాడు. అవి ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆమె చేతుల్లో ఆడాయి. ఇంటికెవరైనా వస్తే, "మా ఆవిడ సైకిలు తొక్కుతోంది, కూర్చోండి," అనేవాడు జీవరాజు.

రంగుల సంగతి గురమ్మతో మొదలైంది. గురమ్మ శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు మనిషి. మొగుడు అసిరయ్య వేటకి వెళ్తాడు. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని డిగ్నాబాదు నుంచి అబర్డీన్ బజారు దాకా చేపలమ్ముతుంది. ఎలీసబెతు అన్న పేరు ఆమె నోట పలకలేదు. కొన్నాళ్ళు ఎలిసమ్మ అని, దాన్నీ వదిలేసి 'ఒదినా'లో స్థిరపడింది. ఒకనాడు చేపల కోసం వాళ్ళ ఇంటికే వెళ్ళిన ఎలీసబెతు, పెరట్లో ఆరేసిన వలల రంగు చూసి చేపల మాట మర్చిపోయింది.

"ఈ రంగు ఏ కొట్లో దొరుకుతుంది వదినా?"

"కొట్లోనా? మడసెక్క ఒదినా. మడసెట్టు బెరడు ఉడకేసి వల ముంచితే నూలు కుళ్ళదు."

"ఎంత అందంగా ఉందో!"

"అందమేటి! వల తెల్లగుంటే సేపలు దూరాన్నుంచే సూసి పారిపోతాయి. అందుకని."

మర్నాడే ఎలీసబెతు ఒక చిలప తెచ్చి గురమ్మ బానలో ముంచింది. ముదురు బెల్లం రంగులో పైకి వచ్చింది. ఆ నూలుతో కాలరు అల్లి ఆదివారం జాకెట్టుకి కుట్టుకుని వెళ్తే, రంగు చూసి చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. వాసన చూసి రెండు పిల్లులు ఇంటిదాకా వెంట వచ్చాయి. వల ముంచిన బానలో లేసు ముంచకూడదని ఆ రోజు తెలిసింది. గురమ్మ నవ్వీ నవ్వీ, ఆమె కోసం పెరట్లోనే ఇంకో బాన వేరే పెట్టింది.

అక్కణ్ణుంచి ఎలీసబెతు కంటికి దీవి అంతా రంగుల కొట్టులా కనిపించసాగింది. జీవరాజు వర్క్‌షాపు నుంచి పడాక్ అనే ఎర్ర కలప రంపపు పొట్టు సంచీతో తెచ్చేవాడు. అది ఇటుక ఎరుపు ఇచ్చింది. అబర్డీన్ బజారులో ఉల్లిపాయల కొట్టువాడు పొట్టు ఊరికే ఇచ్చేవాడు, పైగా ఆమె పిచ్చిది కాబోలని రెండు ఉల్లిపాయలు కూడా వేసేవాడు. లేత టేకాకులు, పసుపు, దానిమ్మ తొక్కలు, ఏది కనబడితే అది ఉడికింది. పటిక నీళ్ళలో నానబెట్టి ముంచితే రంగు నిలుస్తుందని, నీడన ఆరబెడితే వెలవదని తెలుసుకుంది. ఏ చిలప ఏ బానలోకి వెళ్ళాలో మర్చిపోకుండా ఒక్కోదానికి ఒక్కో చీటీ కట్టేది. చెక్క, పసుపు, ఉల్లి, టేకు. ఆమె ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక చీటీ తగిలేది.

నీలం మాత్రం దొరకలేదు. చుట్టూ సముద్రం పెట్టుకుని నీలం దొరకకపోవడమేమిటని ఆమె ఉడుక్కునేది. ఒకసారి బట్టలకి పెట్టే నీలిమందు డబ్బా కొని, చర్చిలో పాటలు పాడే ఆడపిల్లల కోసం ఆరు కాలర్లు నీలం చేసింది. ఈస్టరు నాడు మూడో పాట అయ్యేసరికి చెమటకి రంగంతా దిగి ఆరుగురి మెడలూ నీలంగా తయారయ్యాయి. ఆ పూట తీసిన ఫొటో ఒకటి చాలా ఏళ్ళు చర్చి గోడకి వేలాడింది.

నలభై ఆరో ఏట ఆమె కళ్ళ ముందు మసక మొదలైంది. పొర కమ్ముతోందని, అది ఇంకా ముదరాలని, తర్వాత చూద్దామని ఆసుపత్రిలో చెప్పారు. లావు నూలుతో టోపీలు చేతి తడుముడుతోనే అల్లగలదు. సన్న నూలు మాత్రం ఇంకో రెండేళ్ళకి మించి ఆగదని ఆమెకే తెలిసిపోయింది. ఆ రాత్రి పడుకోబోతూ తను అల్లినవన్నీ లెక్కపెట్టబోయి, ఒక సంగతి గమనించి లేచి కూర్చుంది. ఇంట్లో తన అల్లిక ఒక్కటి కూడా లేదు. ఆ బెల్లం రంగు కాలరు కూడా ఎవరో బాగుందన్నారని విప్పి ఇచ్చేసింది.

అలా ఆ శాలువా మొదలైంది. పెట్టె అడుగున దాచుకున్న, అన్నిటికంటే సన్నటి తెల్ల నూలు తీసింది. నడుమంతా చేప పొలుసులు, అంచున అలలు. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా వరండాలో బాగా వెలుతురు ఉన్నప్పుడే పని. ఒక్కోరోజు రెండు వరసలు అల్లి, మూడు వరసలు విప్పేది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఎవరికమ్మా ఇంత మంచిది?" అని అడిగేవాళ్ళు.

"ఎవరికో ఒకరికి," అనేది.

నాకే అని చెప్పడానికి ఆమెకి సిగ్గేసింది. ఆ ఎండల్లో శాలువా కప్పుకుని తిరగాలనుకునే ఆడదాన్ని చూసి జనం ఏమనుకుంటారు? తన కోసం తాను రెండేళ్ళు కష్టపడితే దేవుడు మాత్రం ఏమనుకుంటాడు? జీవరాజుకి కూడా చెప్పలేదు. ఇంకొక ఆశ కూడా ఉంది, దాన్ని అసలే చెప్పలేదు. ఆ శాలువా నీలం కావాలి.

అరవై ఎనిమిదిలో శాలువా పూర్తయింది. ఆ నెలలోనే అసిరయ్య తమ్ముడు నూకన్న వైజాగు నుంచి ఓడలో వస్తూ అసలైన నీలిమందు ముద్దలు తెచ్చాడు. నిజానికి ముందు నూలుకి రంగు వేసి తర్వాత అల్లాలి. కానీ నీలిమందు వచ్చేదాకా కళ్ళు ఆగుతాయో లేదోనని ఆమె తెల్లగానే అల్లేసింది. గురమ్మ పెరట్లో కొత్త బాన పెట్టి, నీలిమందు, సున్నం, బెల్లం కలిపి మూత వేశారు. బాన పులియడానికి వారం పడుతుంది, సోమవారానికి తయారవుతుంది. ఎలీసబెతు శాలువాని శుభ్రంగా ఉతికి, మడిచి, తెల్లగుడ్డలో చుట్టి, అలవాటు ప్రకారం ఒక చీటీ పిన్నుతో గుచ్చింది. చీటీ మీద 'నీలం' అని రాసింది.

సోమవారానికి ముందు ఆదివారం ఉంది. ఆ ఆదివారం కోత పండుగ.

ఆ చర్చిలో వాళ్ళెవరికీ పొలాలు లేవు. కోయడానికి ఏమీ లేకపోయినా, పుట్టిన ఊళ్ళో జరిగేది కాబట్టి ఇక్కడా కోత పండుగ జరిగేది. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, వక్కలు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. రొక్కం లేనివాళ్ళు సరుకు పెట్టి కూడా పాడొచ్చు. ఎలీసబెతు ఏటా ఇచ్చే బల్లగుడ్డ మాత్రం వేలానికి వెళ్ళదు, చర్చిలోనే ఉంటుంది. ఈసారీ దాన్ని మడిచి, 'బల్లకి' అని చీటీ గుచ్చి, ఇనప్పెట్టె మీద శాలువా మూట పక్కనే పెట్టింది. తెల్లవారగానే చర్చి కడగడానికి ఆడవాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది.

కానుకలు పోగుచేసే పని జీవానందానిది. డైరీ ఫార్మ్‌ పేటలో ఉంటాడు, ముప్పై ఏళ్ళవాడు, దీవిలోనే పుట్టి హిందీ బడిలో చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవాలంటే వేలు పెట్టి ఒక్కో అక్షరం దాటాలి. అతను వచ్చేసరికి జీవరాజు సగం గడ్డం గీసుకుని ఉన్నాడు.

"బాబాయ్, పిన్ని సామాన్ క్యా దియా?"

"పెట్టె మీదుంది చూడు. చీటీలు రాసి పెట్టింది."

జీవానందం మొదటి చీటీ మీద వేలు పెట్టాడు. బ-ల్ల-కి. బాగుంది. రెండో దాని మీద పెట్టాడు. నీ-లం. దీవిలో అందరూ కలిసి మాట్లాడుకునే హిందీలో వేలం పాటని నీలామ్ అంటారు. జీవానందం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దానికి ఇంకో పేరు వినలేదు. పిన్ని తొందరలో దీర్ఘం మర్చిపోయిందనుకున్నాడు. ఒకటి బల్లకి, ఒకటి నీలామ్‌కి. ఇంత పద్ధతిగా రాసి పెట్టే మనిషి చర్చిలో ఇంకొకరు లేరని మెచ్చుకుంటూ రెండు మూటలూ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆరాధన అయింది. వేలం పాట మొదలైంది. కోడిపుంజుల కోసం ఇద్దరు బావలు పోట్లాడుకున్నారు. గుమ్మడికాయ ఇచ్చినవాళ్ళ పక్కింటికే తిరిగి వెళ్ళింది. ఎలీసబెతు ఆడవాళ్ళ వైపు రెండో బెంచీలో కూర్చుని హాయిగా నవ్వుతోంది. అప్పుడు జీవానందం తెల్లగా ఏదో ఎత్తి రెండు చేతులా విప్పాడు.

"భాయియో, బహనో, అన్నలూ, అక్కలూ! ఇది ఆఖరి మాల్! మన ఎలీసబెతు పిన్ని చేతి పని. దేఖో, గాజులోంచి పోతాది!"

ముందు వరసలో కూర్చున్న తన భార్య సంతోషకుమారి చేతి గాజు ఒకటి తీయించి, శాలువా మొత్తం అందులోంచి లాగి చూపించాడు. చర్చి అంతా ఆహా అంది. ఎలీసబెతు మసక కళ్ళకి మొదట తెల్లటి పొగలాగే కనబడింది. అంచున అలలు ఊగిన తీరు చూసి పోల్చుకుంది.

"నువ్వే ఇచ్చావా?" అని అటువైపు బెంచీ నుంచి జీవరాజు సైగ చేశాడు. ఆమెకి మెడ తిప్పడానికి కూడా రాలేదు.

పాస్టరు గారు లేచారు. రెండేళ్ళ కష్టాన్ని చూపు తగ్గుతున్న వేళ దేవుడి పాదాల దగ్గర పెట్టిన ఈ తల్లిని చూడండి అన్నారు. ఉత్సాహం ఆగక పేద విధవరాళ్ళ త్యాగాల గురించి కూడా మాట్లాడబోయారు. ఎదురుగా బతికే ఉన్న జీవరాజు ఇబ్బందిగా దగ్గడంతో ఆపేశారు. అందరూ ఎలీసబెతు వైపు తిరిగి చూశారు. అంత గౌరవంగా చూస్తున్న మొహాల ముందు, అది నాదండీ, ఇచ్చెయ్యండి అని ఎలా అంటుంది?

అతిథిగా వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య నోటు ఎత్తి చూపించింది. వాళ్ళకి ఢిల్లీ బదిలీ అయింది, అక్కడ చలి. ఆమె పాడటంలో న్యాయం ఉందని ఎలీసబెతుకి కూడా అనిపించింది.

"ఒక బుట్ట సేపలు!" అని వెనక వరండా కిటికీలోంచి గొంతు వినిపించింది. అది గురమ్మది. కోత పండుగ భోజనాలకి చేపలు తెచ్చేది ఆమే. తెచ్చి, కిటికీ దగ్గర కూర్చుని పాట చూసి నవ్వుకుని, తిని వెళ్తుంది. పాడటం మాత్రం ఇదే మొదలు.

ఆఫీసరు గారి భార్య ఇంకో నోటు కలిపింది.

"రెండు బుట్టలు. కోనాంలే, సొరసేపలు కాదు!"

ఇంకో నోటు. జీవానందానికి పూనకం వచ్చింది. "కోనాం దో టోక్రీ! నోట్లు మూడు! ఎవరు, ఎవరు?"

"మా అసిరయ్య పడవ ఒక రోజు ఏట," అంది గురమ్మ. "పొద్దుగాల్నుంచి సందేల దాకా ఏది పడితే అది. అంతా మీకే."

అసిరయ్యకి ఈ సంగతి తెలుసా అని ఎవరో గొణిగారు.

"ఒకటోసారి!" అన్నాడు జీవానందం. "రెండోసారి!"

"ఆగు," అంది ఎలీసబెతు.

లేచి నిలబడిందని ఆమెకే ఆలస్యంగా తెలిసింది. బెంచీ పట్టుకుంది. "జీవానందం, ఆ చీటీ మీద ఏముంది నాయనా?"

"నీలామ్ అని, పిన్నీ."

"నీలామ్ కాదు. నీలం. రంగు. నీలం రంగు వెయ్యాలని నాకు నేను రాసుకున్న గుర్తు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చర్చి కప్పు ఎగిరిపోయేంత నవ్వు లేచింది. జీవానందం చీటీ మళ్ళీ విప్పి, వేలు పెట్టి చదువుకుని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వు తగ్గేదాకా ఆగి, సంఘపెద్ద గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"పొరపాటే అనుకుందాం. అయినా బల్ల మీదికొచ్చిన కానుక తిరిగి ఇంటికి పోకూడదు. ఈ చర్చి కట్టినకాడ్నుంచీ పోలేదు."

పాస్టరు గారు మెత్తటి మనిషి. దారి వెతికారు. "అమ్మా, ఇది ఎవరికైనా ఇస్తానని మాటిచ్చి ఉన్నావా? ఏ పసిబిడ్డకో? అలాగైతే ఆ మాట కూడా దేవుడి ముందు మాటే. తీసుకెళ్ళిపో."

అబద్ధానికి తలుపు బార్లా తెరిచి పెట్టారు. సంతోషకుమారి ఐదో నెల కడుపుతో ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమె బిడ్డకి అని ఒక్క మాట అంటే చాలు, శాలువా చేతికొస్తుంది. ఏమీ అనకుండా కూర్చుంటే పుణ్యాత్మురాలిగా మిగులుతుంది. ఎలీసబెతుకి ఆ రెండు దారులూ స్పష్టంగానే కనిపించాయి.

"ఎవరికీ మాటివ్వలేదయ్యగారూ," అంది. "నాకే అల్లుకున్నాను. కళ్ళు పోకముందు నాకంటూ ఒకటి ఉండాలని ఆశపడ్డాను."

అనేసి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ముసలి తవిటమ్మ మాత్రం పక్కనుంచి ఆమె చెయ్యి పట్టుకుంది.

పాస్టరు గారు గవరయ్య వైపు చూశారు. గవరయ్య తల అడ్డంగా ఊపాడు. ఇక పాట నిలబడాల్సిందే. ఆఫీసరు గారి భార్య నోట్లు పర్సులో పెట్టేసుకుని, "మై నహీ లూంగీ," అంది. ఆమె తీసుకోనన్నాక మిగిలింది ఒక్క పాటే.

"మరైతే నాదే గదా!" అంది గురమ్మ కిటికీలోంచి. "రెండోసారి దాకా అన్నావు, ఆ మూడోసారి కూడా అనెహె!"

"మూడోసారి," అన్నాడు జీవానందం నీరసంగా.

గురమ్మ లోపలికి వచ్చి శాలువా తీసుకుంది. ఖాళీ చేపల బుట్టలో అరిటాకు పరిచి, అందులో పెట్టి, బుట్ట నెత్తికెత్తుకుని, భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. ఎలీసబెతు వైపు తిరిగి చూడలేదు.

ఆ పూట ఎలీసబెతు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "నీ బియ్యం మర్చిపోయింది నేనే, ఇప్పుడు నీ గడ్డం కోసం నా శాలువా పోగొట్టింది నువ్వే," అంది భర్తతో. జీవరాజు తప్పంతా ఒప్పేసుకుని, ఇంకో జత చువ్వలు చేసిస్తానన్నాడు. చువ్వలు కాదు, కళ్ళు ఎవరు చేసిస్తారని ఆమె ఏడ్చింది. వందల అల్లికలు ఇచ్చేసినప్పుడు ఒక్కసారి కూడా కలగని బాధ ఇది. ఇవ్వడం వేరు, పోవడం వేరు. గురమ్మ అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నే కదా, అలా ఎత్తుకుపోవడం దేనికని కోపం కూడా వచ్చింది. కోపం ఆమెకి కొత్త కాబట్టి దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియక ఇల్లంతా రెండుసార్లు ఊడ్చింది.

సోమవారం పొద్దున్నే వీధిలోంచి కేక. "ఒదినా! బాన పొంగిపోతంది, వత్తావా రావా?"

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. పెరట్లో నీలి బాన మీద రాగిరంగు నురగ తేలి ఉంది. శాలువా తడిగుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది.

"మూడుసార్లు కుంకుడు పులుసెట్టి ఉతికినాను. ముక్కెట్టి సూడు, సేపల కంపు ఉంటే సెప్పు."

ఎలీసబెతు ముక్కు పెట్టి చూసింది. కుంకుడుకాయల వాసన తప్ప ఏమీ లేదు. శాలువా అందుకుని, నురగ పక్కకి తీసి, గాలి పోకుండా మెల్లగా బానలోకి దింపింది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని పది నిమిషాలు కదపకుండా ఉంచారు. పైకి తీసేసరికి గురమ్మ కెవ్వుమంది.

"ఓలమ్మో! పాసి రంగు! పోనాది ఒదినా, నీ శాలువా పోనాది!"

నిజంగానే శాలువా చెరువు పాచిలా పసరు రంగులో ఉంది. ఎలీసబెతు నిన్నటి పాట తర్వాత మొదటిసారి నవ్వింది. "ఆగు. గాలి తగలనీ."

తీగ మీద పరిచారు. ముందు అంచు అలల్లో మొదలైంది. పసరు మీద నీలం పాకుతూ ఒక్కో వరసా దాటి, చేప పొలుసుల్లోకి దిగి, కళ్ళ ముందే శాలువా అంతా తిరిగిపోయింది. గురమ్మ నోరు తెరిచి తీగ కింద కూలబడింది. రెండోసారి ముంచి, మూడోసారి ముంచి ఆరేశాక, అది పడవ ఒడ్డు దాటి అడుగు కనిపించని చోటికి చేరినప్పుడు నీళ్ళకి ఉండే నీలం. ఎలీసబెతుకి అంత దగ్గరగా నిలబడితే అంత రంగూ కనబడింది.

సాయంత్రానికి ఆరింది. గురమ్మ తీసి దులిపి, ఎలీసబెతు భుజాల మీద వేసింది.

"ఇదేమిటి? పాడుకుంది నువ్వు. నీది కదా."

"నాదే. కాదని ఎవలన్నారు?" అంది గురమ్మ. "మొన్నొకనాడు సేపలు తెచ్చినప్పుడు కిటికీలోంచి సూసినాను. అద్దం ముందల బుజాన్నేసుకుని నీలో నువ్వే నవ్వుకుంటన్నావు. ఆ పిల్లుల కాలరు తీసేస్తే పద్నాలుగేళ్ళలో నీకోసరం నువ్వేటైనా సేసుకోడం అదే సూడ్డం. పిలవకండా ఎల్లిపోనాను."

ఎలీసబెతు శాలువా అంచు తడుముకుంది. "మరి నాకే ఇచ్చేస్తే అయిపోయేది కదే."

"ఇచ్చేస్తే? రేపు ఏ పిల్ల ఏడిస్తే దానికి కప్పేసి వచ్చేస్తావు. నీ సంగతి నాకు తెల్దేటి? అందుకే ఇది నాది. నీ బుజాన ఉంటాది, నీ పెట్టిలో ఉంటాది, కానీ నాది. మా మనిషి ఒక రోజు ఏట పోసి కొన్నాడు. ఎవలికైనా ఇచ్చినావంటే పదిమందినీ పోగేసి మరీ ఎల్లొచ్చి అడుగుతాను, ఏటనుకున్నావో!"

ఆ మనిషికి ఆ వేట సంగతి గురమ్మ గురువారం పొద్దున్న పడవ దింపుతుంటే చెప్పింది. అసిరయ్య ఒక గంట తిట్టి, వేటకి వెళ్ళి, పడవ నిండా సూరచేపలతో తిరిగి వచ్చాడు. చర్చి వాళ్ళంతా మూడు రోజులు అవే తిన్నారు. గవరయ్య అన్నిటికంటే పెద్దది తీసుకున్నాడని చెప్పుకున్నారు.

సంతోషకుమారికి వానాకాలంలో ఆడపిల్ల పుట్టింది. ఎలీసబెతు నీలం శాలువా కప్పుకుని డైరీ ఫార్మ్ వెళ్ళింది. బయట ముసురు, ఇంట్లో చల్లగా ఉంది. పిల్లని ఒళ్ళో వేసుకోగానే అది శాలువా అంచు పిడికిట పట్టి వదల్లేదు.

"చూడు పిన్నీ, ఎలా పట్టుకుందో! దానికెంత నచ్చిందో," అంది సంతోషకుమారి.

ఎలీసబెతు చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. శాలువా సగం జారింది. తీసుకో అమ్మా అన్న మాట నాలుక కొసకి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఆమెకి నవ్వు ముంచుకొచ్చింది.

"ఇది నేనివ్వడానికి లేదమ్మా. గురమ్మది," అని పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడిపించింది. శాలువా భుజం మీదికి లాక్కుని సర్దుకుంది. తిరిగి వచ్చేటప్పుడు వాన వెలిసి ఎండ కాసింది. అబర్డీన్ బజారు మధ్యలోంచి, చెమటలు కారుతుంటే, ఆ శాలువా తీయకుండానే నడిచి వచ్చింది. మర్నాడు పిల్లకి లావు నూలుతో టోపీ మాత్రం అల్లి పంపింది లెండి.